మైకు ముందు ఆగని మనిషి

1931 మార్చి 14న బొంబాయి మెజెస్టిక్ థియేటర్లో ‘ఆలం ఆరా’ విడుదలైంది. తెర మీద బొమ్మ మాట్లాడుతుందట, పాడుతుందట అని విన్న జనం విరగబడి వచ్చారు. అందులో కథానాయకుడు మాస్టర్ విఠల్. మూకీల రోజుల్లో కత్తియుద్ధాలకూ సాహసాలకూ పెట్టింది పేరు. ఈ సినిమాలో చేయడానికి ఆయన శారదా స్టూడియోతో ఉన్న ఒప్పందాన్ని తెంచుకుని వచ్చాడు. వాళ్లు కోర్టుకెక్కితే ఆయన తరఫున నిలబడిన న్యాయవాది మహమ్మదలీ జిన్నా. ఇంత పంతం పట్టి సాధించుకున్న వేషంలో ఆయనకు దక్కిన మాటలు మాత్రం చాలా తక్కువ. విఠల్ నోట ఆ సినిమా భాష హిందుస్తానీ సాఫీగా పలకలేదు. అందుకని కథలో చాలాసేపు ఆయన మగతలో ఉన్నట్టు చూపించి దర్శకుడు ఆర్దేషిర్ ఇరానీ పని గట్టెక్కించాడు.

మన దేశపు మొట్టమొదటి టాకీ, తెర మీద చెంగుచెంగున దూకే మనిషిని తెచ్చి మగతలో పెట్టింది. తర్వాత నాలుగేళ్లపాటు సినిమాకు పట్టిన గతికి ఇది తొలి సూచన. మాట వచ్చింది, కదలిక తగ్గింది.

దీనికి కారణాలు పనిముట్లలోనే ఉన్నాయి. ‘ఆలం ఆరా’ను టానార్ యంత్రంతో తీశారు. బొమ్మా శబ్దమూ రెండూ ఒకే ఫిల్ము మీద అక్కడికక్కడే పడాలి. తర్వాత దిద్దుకునే వీలు లేదు. స్టూడియో పక్కనే రైలు పట్టాలు ఉండటంతో రైళ్ల రాకపోకలు సద్దుమణిగిన అర్ధరాత్రి దాటాక చిత్రీకరణ సాగేది. మైకుల్ని నటుల దగ్గర్లోనే, కెమెరా కంటికి కనబడని చోట దాచిపెట్టేవారు. మైకు ఎక్కడుంటే నటుడు అక్కడ నిలబడాలి. రెండడుగులు అటు జరిగితే గొంతు అందదు. గట్టిగా నడిస్తే మాట కంటే అడుగుల చప్పుడే ఎక్కువ పడుతుంది.

కెమెరామన్‌కూ చేతులు కట్టేసినట్టయింది. మూకీల్లో అతను చేత్తో పిడి తిప్పేవాడు. కాస్త నెమ్మదిగా తిప్పితే సెకనుకు తక్కువ ఫ్రేములు పడతాయి. వాటిని మామూలు వేగంతో ఆడిస్తే తెర మీద గుర్రం దౌడు తీస్తుంది, కత్తి మెరుపులా తిరుగుతుంది. ఆ వేగమంతా అతని మణికట్టులో ఉండేది. శబ్దం వచ్చాక సెకనుకు 24 ఫ్రేములు తప్పనిసరి. మాట పడుతున్నప్పుడు ఆ వేగం మారిందా, గొంతు కీచుగానో బొంగురుగానో వినిపిస్తుంది. పైగా కెమెరా చేసే కరకర చప్పుడు మైకులో పడకూడదు కాబట్టి దాన్ని గదిలోనో పెట్టెలోనో బంధించాల్సి వచ్చింది.

కదలలేని కెమెరా ముందు, కదలకూడని నటుల్ని పెట్టి ఏం తీస్తారు? నాటకమే తీస్తారు. 1932లో మదన్ థియేటర్స్ తీసిన ‘ఇంద్రసభ’లో పాటలు డెబ్బై దాకా ఉన్నాయి. అదే ఏడాది వచ్చిన మన ‘భక్త ప్రహ్లాద’ను హెచ్.ఎం.రెడ్డి బొంబాయిలో సురభి నాటక సమాజపు నటులతో తీశాడు. తెలుగు తొలి టాకీలు ఒకదాని వెనక ఒకటి పురాణ కథల్నీ, పద్య నాటకాల్నీ పట్టుకుని వచ్చాయి. ఇందులో చిన్నబుచ్చుకోవాల్సిందేమీ లేదు. రాగం తీసి పద్యం పాడుతుంటే వన్స్‌మోర్ కొట్టే జనానికి, ఆ పద్యం తెర మీంచి వినబడటమే మహాద్భుతం. దూరాభారాల వల్ల పెద్ద నటుల నాటకం ఎన్నడూ చూడలేని ఊళ్లకు ఆ గొంతు చేరింది. ‘ఆలం ఆరా’లోనూ, తమిళ ‘కాళిదాస్’లోనూ, ‘భక్త ప్రహ్లాద’లోనూ చిన్న చిన్న వేషాలు వేసిన కుర్రాడు ఒకడున్నాడు. ఏలూరు దగ్గరి పల్లె నుంచి బొంబాయి చేరిన ఎల్.వి.ప్రసాద్. మూడు భాషల తొలి టాకీల్లోనూ కనిపించిన ఆయన, తర్వాత తెలుగు సినిమాకు పెద్ద దర్శకుడయ్యాడు. ఆ తరానికి సినిమా అంటే ముందుగా చెవికి దొరికిన వరం.

కానీ ప్రతి లాభానికీ ఎక్కడో ఒకరు మూల్యం చెల్లిస్తారు. రూబీ మేయర్స్ సంగతే చూడండి. సినిమాల్లోకి రాకముందు ఆమె టెలిఫోన్ ఆపరేటర్. రోజంతా గొంతుతోనే పని. మూకీల్లో సులోచన అనే పేరుతో దేశమంతా తెలిసిన తార అయింది. టాకీ రాగానే ఆమె హిందీ చాలదన్నారు. ఆమె కుంగిపోలేదు. కొంతకాలం తెరకు దూరంగా ఉండి, పట్టుబట్టి భాష నేర్చుకుని, తన పాత మూకీ విజయాల్నే మాటలతో మళ్లీ తీయించుకుని తిరిగి వచ్చింది. ‘ఇందిరా ఎం.ఎ.’, ‘అనార్కలి’, ‘బంబయి కీ బిల్లీ’ అలా వచ్చినవే. అందరికీ ఆ అవకాశం దక్కలేదు. మూకీ తెర మీద వెలిగిన ఆంగ్లో ఇండియన్, యూదు యువతుల్లో చాలామంది ఉచ్చారణ దగ్గరే ఆగిపోయారు.

అలాంటి రోజుల్లో, హిందీ సరిగా రాని, నీలి కళ్ల, బంగారు రంగు జుట్టు ఉన్న, ఆస్ట్రేలియాలో పుట్టిన ఒక యువతిని కథానాయికగా పెట్టి టాకీ తీయాలని ఇద్దరు అన్నదమ్ములు పూనుకున్నారు. ఆ సినిమా ‘హంటర్‌వాలీ’. సంవత్సరం 1935.

అన్నదమ్ములు జె.బి.హెచ్.వాడియా, హోమీ వాడియా. వాళ్లది బొంబాయిలో పేరుమోసిన పార్సీ వంశం. మూలపురుషుడు లవ్‌జీ నుసర్వాన్‌జీ వాడియా 1736లో సూరత్ నుంచి బొంబాయి వచ్చి ఓడలు కట్టడం మొదలుపెట్టాడు. ఆ వంశం వాళ్లు టేకు కలపతో కట్టిన యుద్ధనౌకలు బ్రిటిష్ నౌకాదళంలో సముద్రాలు తిరిగాయి. 1817లో జలప్రవేశం చేసిన ‘ట్రింకోమలీ’ ఇంగ్లండులోని హార్ట్‌లిపూల్ రేవులో ఈనాటికీ తేలుతూనే ఉంది. అలాంటి ఇంట్లో పుట్టి, ఎం.ఎ., ఎల్ఎల్.బి. చదివిన పెద్దవాడు బ్యాంకు ఉద్యోగం వదిలేసి సినిమాల్లోకి వెళ్తానంటే అయినవాళ్లు నొచ్చుకోకుండా ఎలా ఉంటారు? ఆయన మాత్రం హాలీవుడ్ నటుడు డగ్లస్ ఫెయిర్‌బాంక్స్ ముసుగు వీరుల సినిమాలంటే చెవి కోసుకునేవాడు. 1920లో వచ్చిన ‘ది మార్క్ ఆఫ్ జోరో’ ఆయనకు పాఠ్యపుస్తకం. మూకీల్లోనే ఆ తరహా సాహస చిత్రాలు తీశాడు. 1933లో తమ్ముడితో కలిసి పరేల్‌లోని పూర్వీకుల భవనం లవ్‌జీ కాజిల్‌లో వాడియా మూవీటోన్ స్థాపించాడు. అదే స్థలంలో తర్వాత వి.శాంతారామ్ రాజ్‌కమల్ కళామందిర్ వెలసింది.

ఆ యువతి పేరు మేరీ ఇవాన్స్. 1908 జనవరి 8న పెర్త్‌లో పుట్టింది. తండ్రి బ్రిటిష్ సైన్యంలో సిపాయి. ఆయన వెంట చిన్నప్పుడే బొంబాయి వచ్చింది. 1915లో తండ్రి మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయాడు. తర్వాత కొంతకాలం వాయవ్య సరిహద్దులో, పెషావర్ ప్రాంతంలో పెరిగింది. గుర్రపు స్వారీ, వేట, తుపాకీ కాల్చడం అక్కడే అలవడ్డాయి. బొంబాయి తిరిగి వచ్చాక ఆర్మీ అండ్ నేవీ స్టోర్స్‌లో కౌంటరు వెనక నిలబడి సరుకులు అమ్మింది. మంచి ఉద్యోగం కోసం షార్ట్‌హ్యాండ్, టైపు నేర్చుకోబోయింది. మేడమ్ ఆస్ట్రోవా అనే రష్యన్ నాట్యగురువు బృందంలో చేరి కంటోన్మెంట్లలో, సంస్థానాల్లో, చిన్న ఊళ్లలో నృత్యాలు చేసింది. కొన్నాళ్లు జార్కో సర్కస్‌లోనూ పనిచేసింది. ఎవరో చెప్పిన జోస్యం విని పేరు నాదియాగా మార్చుకుంది.

నెల జీతం కోసం, నిలకడైన బతుకు కోసం తిరిగిన మనిషి ఆమె. తర్వాత తెర మీద జనం చూసిన ధైర్యానికి పునాది ఈ తిరుగుడులోనే పడింది. తండ్రి లేని ఇల్లు, ఊరు మార్చి ఊరు, ఒకటి పోతే ఇంకో పని. భయపడుతూ కూర్చోవడానికి తీరిక దొరికిన జీవితం కాదది.

వాడియాలు మొదట ఆమెకు చిన్న వేషాలిచ్చి చూశారు. ‘దేశ్ దీపక్’లో దాసి పాత్ర, ‘నూర్-ఎ-యమన్’లో రాకుమారి పరిజాద్. జనం ఆమెను గుర్తుపెట్టుకున్నారు. పేరు నందాదేవి అని మార్చుకో, నల్లటి విగ్గు పెట్టుకో అని జె.బి.హెచ్. అడిగితే ఆమె ససేమిరా అందని చెబుతారు. ఆమెలో ఉన్న శక్తికి తగ్గ కథ కావాలి. జోరో ముసుగును ఆడపిల్ల మొహానికి కట్టి, చేతిలో కత్తికి బదులు కొరడా పెడితే? ‘ఆలం ఆరా’ రాసిన జోసెఫ్ డేవిడ్ అప్పటికే వాడియాల దగ్గర ఉన్నాడు. కథ జె.బి.హెచ్.ది, దర్శకత్వం హోమీది. ఆరు నెలలు తీశారు. 80 వేల రూపాయలు ఖర్చయింది. అప్పటి లెక్కల్లో అది ఇల్లూ వాకిలీ తాకట్టు పెట్టించగల మొత్తం.

కథ జానపదమే. మంత్రి రణమల్ దుర్మార్గుడు. రాజును చెరలో పెడతాడు, రాకుమారి మాధురిని పెళ్లాడాలని చూస్తాడు. మాధురి అంతఃపురంలో కూర్చుని ఏడవదు. ముసుగు వేసుకుని, కొరడా పట్టి, హంటర్‌వాలీ అవతారమెత్తి పేదల పక్షాన నిలబడుతుంది. జస్వంత్ అనే యువకుడి గుర్రాన్ని ఎత్తుకుపోయి తిరిగి ఇస్తుంది. చివరికి ఇద్దరూ కలిసి రణమల్ పని పడతారు. జస్వంత్‌గా బొమన్ ష్రాఫ్ వేశాడు. రాజులూ మంత్రులూ ఉన్న ఈ కథలో రాచ పరివారం మోటారు కారులో తిరుగుతుంది. ఆ కారు తగిలి గాయపడిన జస్వంత్‌కు పరిహారంగా బంగారం ఇవ్వబోతే వద్దంటాడు. కాలం ఏదో తేల్చి చెప్పకుండా, పాత రాజ్యంలోకి కొత్త యంత్రాన్ని తోలిన ధైర్యం వాడియాలది. తెర మీద రాజు ఏ కాలం వాడైనా, నేలటికెట్టు కొన్న కూలీకి కారులో పోయే దొర ఎవరో తెలుసు.

ఆ సినిమా బొమ్మల్లో ఒకదాన్ని దగ్గరగా చూడాలి. నాదియా కళ్లకు నల్లటి ముసుగు. మోకాళ్ల పైకి ఉండే పొట్టి నిక్కరు, పొడుగు బూట్లు, తల మీద టోపీ, చేతిలో కొరడా. కాళ్లు ఎడంగా పెట్టి, బరువంతా మడమల మీద మోపి నిలబడి ఉంటుంది. భుజాలు వెడల్పు. తొడలు మల్లయోధుడి తొడల్లా గట్టివి. నడుము ఒంపు, మెడ వంపు చూపించే తంటా ఏమీ లేదు. ఆ శరీరం అందం కోసం నిలబడలేదు, పని కోసం నిలబడింది. మరుక్షణంలో ఏం చేయబోతోందో తెలిసిన కూలిమనిషి నిలబడే తీరు అది. 1935లో ఒక ఆడమనిషి శరీరాన్ని ఇలా చూపించిన సినిమాలు వేళ్ల మీద లెక్కపెట్టాలి.

సినిమా పూర్తయ్యాక కొనడానికి ఒక్క పంపిణీదారూ ముందుకు రాలేదు. తెల్లదొరసాని నిక్కరు వేసుకుని మగవాళ్లను కొరడాతో కొడితే ఎవరు చూస్తారన్నది వాళ్ల సందేహం. చివరికి వాడియాలు, భాగస్వామి బిలిమోరియా కలిసి తామే విడుదల చేసుకున్నారు. గ్రాంట్ రోడ్డులోని సూపర్ సినిమాలో బొమ్మ పడింది. 25 వారాలు దాటి ఆడింది. హంటర్‌వాలీ పేరుతో అగ్గిపెట్టెలు, బెల్టులు, కొరడాలు బజారులోకి వచ్చాయి. వాటిలో వాడియాలకు పైసా రాలేదు. అయినా ఎవరూ అడగకుండానే వీధి వీధంతా ఆ సినిమాకు ప్రచారం చేసిపెట్టింది.

ఇంతకీ ఆ జనానికి అంతగా నచ్చిందేమిటి? నాదియా హిందీ చివరిదాకా యాసతోనే ఉంది. ఆమె పాటలకు పేరుపడ్డ నటి కాదు. టాకీకి కావలసిన రెండు గుణాలూ, అంటే స్పష్టమైన ఉచ్చారణా తీయని గాత్రమూ, ఆమె దగ్గర లేవు. ఆ యుగంలో ఓడిపోవడానికి తగిన కారణాలన్నీ ఉన్న మనిషి ఆ యుగపు పెద్ద తారల్లో ఒకతె ఎలా అయింది?

దీనికి జవాబు తర్వాతి రోజుల్లో నాదియా సినిమాలు చూసిన ఒక పిల్లవాడి దగ్గర దొరుకుతుంది. గిరీష్ కర్నాడ్ తన చిన్నతనం గురించి రాస్తూ, తన చెవుల్లో అన్నిటికంటే గట్టిగా నిలిచిపోయిన శబ్దం గుర్రం మీద చెయ్యెత్తి దుర్మార్గుల మీదికి దూసుకొచ్చే నాదియా ‘హే…య్’ అన్న కేకేనన్నాడు. జీవితమంతా మాటతో పనిచేసిన నాటకకర్త ఆయన. ఆయన గుర్తుపెట్టుకున్నది మాటను కాదు, పాటను కాదు. ఒక అరుపును.

శబ్దం అంటే సంభాషణా సంగీతమే అని తొలి టాకీలు అనుకున్నాయి. వాడియా మూవీటోన్ దానికి ఇంకొంచెం చోటిచ్చింది. కొరడా ఛెళ్లుమనడం శబ్దం. రాతి నేల మీద గిట్టల టకటకలు శబ్దం. కత్తికి కత్తి తగలడం, తలుపు విరగడం, నీళ్లలో పడటం, గెలిచినవాడి నవ్వు, దెబ్బతిన్నవాడి మూలుగు, అన్నీ శబ్దాలే. వీటికి వ్యాకరణం అక్కర్లేదు. బొంబాయి మిల్లు కార్మికుడికీ, లాహోర్ టాంగావాలాకూ, హిందీ ఒక్క ముక్క రాని మద్రాసు కుర్రాడికీ ఒకేలా అందుతాయి. మూకీ సినిమాకు భాషల సరిహద్దు ఉండేది కాదు. టాకీ ఆ సరిహద్దు గీసింది. సాహస చిత్రం ఆ గీతను దాటే దారిని శబ్దంతోనే వెతుక్కుంది.

పనితనంలోనూ ఇందులో ఒక వెసులుబాటు ఉంది. పోరాటంలో మాటలుండవు కాబట్టి అక్కడ మైకుతో పని లేదు. మైకు లేకపోతే కెమెరాను పెట్టెలోంచి బయటికి తేవచ్చు. ఎండలోకి, కొండ మీదికి, నదిలోకి తీసుకుపోవచ్చు. ఫ్రేముల వేగం తగ్గించి తీసి దౌడు పెంచొచ్చు. అరుపులూ వాయిద్యాలూ తర్వాత కలుపుకోవచ్చు. అదే 1935లో కలకత్తాలో న్యూ థియేటర్స్ వాళ్లు ‘ధూప్ ఛావ్’ అనే చిత్రానికి పాటల్ని ముందే రికార్డు చేసి, షూటింగులో నటులతో పెదాలు కదిలించారు. నితిన్ బోస్ దర్శకుడు, ఆర్.సి.బోరాల్ సంగీత దర్శకుడు. హిందీ సినిమాలో నేపథ్యగానానికి అదే నాంది. కలకత్తాలో పాట మైకు నుంచి విడుదలైంది, బొంబాయిలో ఒళ్లు మైకు నుంచి విడుదలైంది. ఒకే ఏడాది, రెండు ఊళ్లలో. మొదటిదాన్ని చరిత్రకారులు గొప్ప మలుపుగా రాశారు. రెండోదాన్ని స్టంటు సినిమా అని పక్కకు నెట్టారు. ఈ తేడా న్యాయం కాదు. తర్వాతి భారతీయ సినిమా పాటకు ఎంత రుణపడిందో పరుగుకూ అంతే రుణపడింది.

అది 1935 అన్న సంగతి మరవకూడదు. శాసనోల్లంఘన ఉద్యమాన్ని ఆపి ఏడాదే అయింది. తెర మీద తెల్లదొరల పాలనను నేరుగా విమర్శిస్తే సెన్సారు కత్తెర పడుతుంది. దుర్మార్గుడైన మంత్రి, చెరలో ఉన్న రాజు, పన్నులతో నలిగే పేదలు అంటే మాత్రం ఎవరూ అడ్డుకోలేరు. జె.బి.హెచ్.వాడియాకు రాజకీయాల మీద గట్టి పట్టింపు ఉండేది. తర్వాత విప్లవ నాయకుడు ఎం.ఎన్.రాయ్ అనుచరుడయ్యాడు. కొరడా దెబ్బ ఎవరి వీపు మీద పడుతోందో హాల్లో కూర్చున్నవాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదని ఆయనకు తెలుసు.

ఆ కొరడా పట్టిన చెయ్యి తెల్లది. ఈ వైరుధ్యాన్ని దాటవేస్తే లాభం లేదు. పాలించే జాతి పోలికలున్న స్త్రీ, పాలితుల పక్షాన నిలబడి అన్యాయాన్ని చావగొడుతుంటే ఆ జనం ఎలా తమదిగా చేసుకున్నారు? తెల్లటి రంగు మీద మోజు కొంత ఉండవచ్చు. అది ఒక్కటే అయితే బొంబాయిలో తెల్లతోలుకు కొదవ లేదు. ఆమె మోసిన పాత్ర వాళ్లకు కొత్తది కాదు. మగవేషంలో గుర్రమెక్కిన ఝాన్సీ లక్ష్మీబాయి, అహ్మద్‌నగర్ కోటను కాచిన చాంద్ బీబీ పాటల్లో, ఆటల్లో బతికే ఉన్నారు. మన దగ్గర ఓరుగల్లు ఏలిన రుద్రమదేవి ఉంది, పల్నాటి కథలో నాయకురాలు నాగమ్మ ఉంది. గుర్రం మీద ఆడది కనబడితే నోరెళ్లబెట్టే జనం కాదు మనది, చేతులు జోడించే జనం. ఆ జోతను అందుకునే స్థానంలోకి నాదియా వెళ్లి నిలబడింది. ఎవరి కూతురివని జనం అడగలేదు. ఎవరి పక్షమని అడిగారు.

విజయం ఒక్క సినిమాతో ఆగలేదు. 1936లో ‘మిస్ ఫ్రాంటియర్ మెయిల్’ వచ్చింది. రైల్వేలో పనిచేసే తండ్రి మీద హత్యానేరం పడితే, అసలు దోషుల్ని పట్టడానికి కూతురు బయల్దేరుతుంది. పరుగెత్తే రైలు పెట్టెల పైకప్పు మీద సాగే పోరాటమే ఆ చిత్రానికి ప్రాణం. గాలికి జుట్టు ఎగురుతుంటుంది, వెనక చెట్లూ స్తంభాలూ వెళ్లిపోతుంటాయి. అటూ ఇటూ ఊగే ఇనుప రేకు మీద నిలబడి ఆమె ఒక మగవాణ్ణి అమాంతం ఎత్తుతుంది. ఎత్తేటప్పుడు మోకాళ్లు కొంచెం వంగడం, బరువు సర్దుకున్నాక వీపు నిటారు కావడం, ఆ రెండు క్షణాల్లోనే అది బూటకం కాదని తెలిసిపోతుంది. 1940లో వచ్చిన ‘డైమండ్ క్వీన్’లో పోరాటాలతో పాటు ఆడవాళ్ల చదువు గురించి, స్వేచ్ఛ గురించి నేరుగా మాట్లాడించారు. 1942 నాటి ‘జంగిల్ ప్రిన్సెస్’లో సింహాల మధ్య నిలబడి నటించింది. 1943లో ‘హంటర్‌వాలీ కీ బేటీ’ వచ్చింది. ఒక విజయానికి కొనసాగింపుగా మరో సినిమా తీయడం మన దేశంలో అప్పటికి కొత్త.

ఈ సాహసాలకు డూపులు లేరు. దూకింది ఆమె, పడింది ఆమె, దెబ్బలు తగిలింది ఆమెకే. పోస్టర్ల మీద పేరుకు ముందు వేసిన ‘ఫియర్‌లెస్’ అనే మాట కేవలం ప్రచారం కాదు. అయితే ఆ ధైర్యాన్ని పొగిడేటప్పుడు ఒక మాట చెప్పుకోవాలి. ప్రాణానికి తెగించడం గొప్పదే కానీ, ప్రాణానికి తెగించక తప్పని పనిచోటు గొప్పది కాదు. ఈనాటి తాళ్లూ, పరుపులూ, గాలి సంచులూ, సెట్టు మీద సిద్ధంగా ఉండే అంబులెన్సూ ఎందరి ఎముకలు విరిగాక వచ్చాయో గుర్తుంచుకోవాలి. నాదియాను గౌరవించడం అంటే ఆమెలా వల లేకుండా దూకమని మరొకరికి చెప్పడం కాదు. ఆమె దూకుడులో ఉన్న నైపుణ్యాన్ని కళగా గుర్తించడం.

ఆ గుర్తింపు ఆమె కాలంలో దక్కలేదు. స్టంటు సినిమాలంటే చదువుకున్నవాళ్లకు చులకన. నాలుగణాల టికెట్టువాళ్ల కోసం తీసే సరుకు అని పెదవి విరిచేవారు. వాడియా సోదరుల మధ్య కూడా ఈ గౌరవం గొడవ వచ్చి పడింది. పెద్దాయన మనసు కళాత్మక చిత్రాల మీదికి మళ్లింది. 1941లో సాధనా బోస్‌తో ‘రాజ్ నర్తకి’ని ఇంగ్లీషులోనూ తీశాడు. హోమీ తన దారిన బసంత్ పిక్చర్స్ పెట్టుకుని నాదియాతో సాహసాలే కొనసాగించాడు. నాదియా, హోమీ ఒకరినొకరు ఇష్టపడ్డారు. హోమీ తల్లి ఒప్పుకోలేదు. ఆమె పోయిన తర్వాతే, 1961లో పెళ్లి చేసుకున్నారు. తెర మీద ఎవరి అనుమతీ అడగని నాదియా, తెర బయట ఒక తల్లి మాటకు పాతికేళ్లు ఆగింది. దీన్ని ఓటమి అనడానికి వీల్లేదు. ఓర్పు కూడా ఒక రకం కండబలమే.

1993లో, హోమీ అన్న మనవడు రియాద్ వాడియా ఆమె మీద డాక్యుమెంటరీ తీశాడు. అప్పుడు గానీ కొత్త తరానికి ఆమె పేరు మళ్లీ వినపడలేదు. మూడేళ్లకు, 1996 జనవరి 9న, ఎనభై ఎనిమిదేళ్లు నిండిన మర్నాడు ఆమె కన్నుమూసింది.

ఆమె దారి మాత్రం ఆగిపోలేదు, కొంతకాలం పేరు లేని మనుషుల చేతుల్లో నడిచింది. హిందీ సినిమాలో హీరోయిన్ పాడేది, ప్రేమించేది, దూకే పని వస్తే విగ్గు పెట్టుకున్న మగ డూపు దూకేవాడు. ఆ అలవాటు మధ్యకు రేష్మా పఠాన్ వచ్చింది. 1975 నాటి ‘షోలే’లో దేశమంతా గుండె చిక్కబట్టుకుని చూసిన బసంతి టాంగా పరుగులో హేమమాలిని బదులు కష్టమైన ఘట్టాల్లో ఉన్నది ఆమే. ఆమె జీవితం 2019లో ‘ది షోలే గర్ల్’గా తెరకెక్కింది. నాదియా కాలంలో పేరూ, ఒళ్లూ ఒకరివే. తర్వాత పేరు ఒకరిది, దెబ్బలు ఇంకొకరివి అయ్యాయి. ఆ రెంటినీ మళ్లీ ఒకచోటికి తేవడానికి హిందీ సినిమాకు చాలాకాలం పట్టింది.

తెలుగు సినిమా ఈ పనిని కాస్త ముందే చేసింది. పద్యం దగ్గర మొదలైన మన టాకీ ‘బాలనాగమ్మ’, ‘కీలుగుర్రం’, ‘పాతాళ భైరవి’ దాటుకుంటూ కత్తినీ గుర్రాన్నీ కోరి తెచ్చుకుంది. తోటరాముడి లాంటి వీరులు దూకుతుంటే రాకుమార్తెలు చాలాకాలం మేడ మీద నుంచే చూశారు. తర్వాత వాళ్లూ కిందికి దిగారు. నాదియా చివరిసారి తెర మీద కనిపించింది 1968లో, హోమీ తీసిన ‘ఖిలాడీ’లో. అప్పటికి ఆమెకు అరవై ఏళ్లు. రెండేళ్లు తిరిగేసరికి, 1970లో, కె.ఎస్.ఆర్.దాస్ విజయలలితతో ‘రౌడీ రాణి’ తీశాడు. తుపాకీ పట్టి, పగ తీర్చుకోవడానికి ఒంటరిగా బయల్దేరిన కథానాయికను తెలుగు ప్రేక్షకులు ఈలలతో ఆదరించారు. అదే కథను దాస్ 1972లో ‘రాణీ మేరా నామ్’ పేరుతో హిందీలో మళ్లీ తీశాడు. హంటర్‌వాలీని దేశానికిచ్చిన హిందీ తెరకు, గుర్రమెక్కిన రాణి ఈసారి తెలుగు నుంచి వెళ్లింది.